పూయని చెట్టుకు పూచీ

"వింటర్ హార్డీ వస్తున్నాడు!" అని కేకేస్తూ బంగళా మెట్లు దిగారు కాంతయ్య గారు.

సుంగై సుమున్ దగ్గరి కొబ్బరి తోటలో ఆయన పెద్ద కిరాణి. కిరాణి అంటే ఉప్పూ పప్పూ అమ్మే కిరాణా కాదు, మలాయా తోటల్లో గుమాస్తాకి ఆ పేరు. కాంతయ్య గారు ఇంగ్లీషు చదవడంలో పులి, రాయడంలో సింహం, వినడంలో మాత్రం కుందేలు. చెవులు పెద్దవే, కానీ చప్పుడు కాగానే పరుగు. మిగతాది వినరు. ఆ పొద్దున వరండాలో దొరసాని టెలిఫోను పట్టుకుని "వింటర్ హార్డీ, వెరీ హార్డీ, వచ్చే ఓడలో దిగుతుంది, దేనికీ చావదు" అని ఇంగ్లీషులో ఎవరికో చెబుతోంది. మన భాషలో అయితే వచ్చేది మనిషా, మానా అన్నది క్రియ చివరే తేలిపోతుంది. ఇంగ్లీషు క్రియకు ఆ మర్యాద లేదు. కాంతయ్య గారు పరుగు తీశారు.

అవి తెల్లవాళ్ళ ఏలుబడిలో మలాయాకు ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, తోట చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర తుపాకీతో స్పెషల్ కానిస్టేబులు. గుప్పెడు అన్నం కూడా అడవిలోకి పోకూడదని పనికి పోయేవాళ్ళ గిన్నెల మూతలు తీసి చూసేవారు. పక్క తోటలో చిన్న దొర భయపడి ఓడెక్కేశాడు. అలాంటప్పుడు దేనికీ చావని దొర ఒకడు వస్తున్నాడంటే ఎవరు కాదంటారు?

"ఇంటిపేరేటి బాబూ, ఇంటరా?" అన్నాడు పైడయ్య. అతను బంగళా తోటమాలి.

"ఇంటరు కాదురా, వింటరు. అంటే చలికాలం. చలికాలంలో పుట్టుంటాడు. మంగళారం పుట్టినోడికి మనం మంగయ్య అని పెట్టడం లేదా?"

"అయితే వానాకాలం పుట్టినోడు?"

"ఈ దేశంలో అందరూ వానాకాలంలోనే పుడతార్రా. నువ్వెళ్ళి దండ కట్టించు."

దండ కట్టించారు. తప్పెటగుళ్ళ జట్టును పిలిపించారు. పోర్టు నుంచి లారీ వచ్చేసరికి గేటు దగ్గర తోటంతా ఉంది. కాంతయ్య గారు కోటు తొడిగి, నాలుగు రోజులుగా వల్లె వేసిన స్వాగత వాక్యాన్ని నోట్లో పెట్టుకుని నిలబడ్డారు. డ్రైవరు దిగి, వెనక నుంచి ఒక చెక్కపెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"దొరగారెక్కడ?"

"ఇంతే. ఇంకేం లేదు."

పెట్టె మూత తీస్తే తడిసిన నాచు. నాచులో నిలువుగా నాలుగు పుల్లలు. ఆకు లేదు, చిగురు లేదు, ప్రాణమున్న గుర్తు లేదు. గేటు కానిస్టేబులు యూసోఫ్ వంగి చూసి, చచ్చిపోయిందని మలాయ్‌లో తేల్చేశాడు. "సుడా మాతి."

"సుధామతి కాదు అబాంగ్, హార్డీ దొర," అన్నాడు పైడయ్య. అబాంగ్ అంటే అన్న. పైడయ్యకి మలాయ్ బాగానే వచ్చు. కానీ నవ్వించే అవకాశం వస్తే ఏ భాషా రానట్టే ఉంటాడు.

దండ వేద్దామంటే మెడ లేదు. మెడ లేక దండ దండగైంది.

ఈలోగా దొరసాని పరుగున వచ్చి, ఆ పుల్లల్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. పేరు బ్రౌను, మనిషి తెలుపు, కోపం వస్తే ఎరుపు. ఆ వేళ మాత్రం సంతోషంతో గులాబీ. ఇంగ్లండులో వాళ్ళ అమ్మ పెరట్లోని మొక్కట అది. పేరు ఫోర్సైథియా. వింటర్ హార్డీ అంటే చలికాలాన్ని తట్టుకునేది అని. పీకల్లోతు మంచులో ఆకులన్నీ రాల్చేసి పుల్లల్లా నిలబడుతుందట, చావదట. చలి వెనకబట్టగానే ఒక్క ఆకైనా వేయకముందే ఒళ్ళంతా పసుపుపచ్చ పువ్వులు పూసేస్తుందట.

"ఆకు నేకండా పువ్వా?" అంది పైడయ్య పెళ్ళాం దాలమ్మ. "కోక కట్టకండా నగలెట్టుకున్నట్టు. సిగ్గునేదేటి దానికి?"

కాంతయ్య గారు కోటు విప్పి చంకన పెట్టుకున్నారు. ఆయన విన్నది తప్పని తోటంతటికీ తెలిసిపోయింది గాని, పేరు మాత్రం అతుక్కుపోయింది. ఆ రోజు నుంచి మొక్క హార్డీ దొరే.

దొరసాని పడకగది కిటికీ కింద నాటారు. మలాయా ఎండకీ వానకీ ఆ పుల్లలు ఆగుతాయా? వారం తిరక్కుండా చిగుళ్ళు, నెల తిరక్కుండా పొద. ఆకులే ఆకులు. మేకలు గోడ మీద నుంచి చూసి నిట్టూర్చేవి. కానీ పువ్వు లేదు. ఏడాది గడిచినా లేదు. మలాయ్‌లో పువ్వును బుంగ అంటారు. చెట్టుకి బుంగ రాలేదు గాని దొరసానికి బుంగమూతి వచ్చింది.

దానికి తోడు దగ్గరి పట్నం తెలుక్ అన్సన్ క్లబ్బులో మిగతా దొరసానులు ఊరుకోవడం లేదు. "మీ పుల్ల ఎలా ఉంది?" అని అడుగుతారట టీ కలుపుతూ. ఈవిడకు రోషం వచ్చింది. రోషంలో నోరు జారింది. రాబోయే ఆగస్టు ఆఖరున మలాయాకు స్వాతంత్ర్యం, మెర్డెకా. ఆ వారం మా ఇంటికి టీకి రండి, పచ్చటి పువ్వుల పక్కన కుర్చీలు వేస్తాను అనేసింది. అని, ఇంటికి వచ్చి పైడయ్యను పిలిచింది. తోట కూలీలతో ఆవిడ మాట్లాడేది వంటవాడి దగ్గర నేర్చిన అరవం.

"మెర్డెకా. పూ ఇల్లే, వేలై ఇల్లే," అంది. పువ్వు లేకపోతే పని లేదు. తర్వాత కొబ్బరి వలుపు షెడ్డు వైపు వేలు చూపించింది.

పైడయ్య చెయ్యి నడుం మీదకి పోయింది. వలుపు షెడ్డులో నేలలో పాతిన ఇనుప గునపం మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి కాయలు పొడిచి పీచు తీయాలి. పడుచుతనంలో కొబ్బరిచెట్టు మీంచి పడ్డప్పటి నుంచి పైడయ్య నడుము అతని మాట వినడం మానేసింది. వంగితే లేవడు, లేస్తే వంగడు. బంగళా తోటలో గొంతుకూర్చుని కలుపు తీసుకునే పని గనక నెట్టుకొస్తున్నాడు. షెడ్డుకి పంపితే వారం తిరక్కుండా మంచమే. పని లేనివాడికి తోట ఇంట్లో గది ఉండదు. హార్డీ దొర పూస్తే పైడయ్యకు పువ్వు, పూయకపోతే పస్తు.

"కాంతయ్య బాబూ, ఆ దొరకేటి రోగవో కనుక్కోండి," అని బతిమాలాడు.

కాంతయ్య గారు ఈసారి బుద్ధిగా, చెవులు రెండూ తెరిచి, చివరి మాట దాకా విని వచ్చారు. "దానికి రోగం లేదురా. చలికాలం కోసం కూర్చుందట. చలి తగిలితే గాని మొగ్గ కట్టదట."

"సలికాలం ఎప్పుడొస్తాదట?"

"ఇక్కడా? మలాయాలో వింటర్‌ని వింటారే గాని కంటారట్రా? ఇక్కడున్నవి రెండే కాలాలు. వానాకాలం, వాన తెరిపిచ్చిన కాలం."

పైడయ్య తల గోక్కున్నాడు. "రాకపోతే మనవే తెచ్చెద్దాం."

బాగన్ దాతుక్ చేపల జెట్టీలో పడవలకి ఐసు దిమ్మలు అమ్ముతారు. మలాయ్‌లో దాన్ని ఆయిస్ బాతు అంటారు, రాయిలాంటి ఐసని. పైడయ్య సైకిలు వెనక గోనెసంచిలో, రంపపు పొట్టు మధ్య దిమ్మ పెట్టి కట్టి తీసుకొస్తుంటే దారి పొడుగునా నీళ్ళు.

"ఏటది మావా?"

"ఆయిస్ బాతే."

"బాతైతే గుడ్డెట్టేదాకా ఉంచు," అంది దాలమ్మ. "ఇది ఇంటికొచ్చేసరికే సగం ఎగిరిపోయినాదే!"

అంతకుముందే గేటు దగ్గర యూసోఫ్ ఆపాడు. తిండి దొంగరవాణా కాకుండా చూడడం అతని పని. సంచిలో చెయ్యి పెట్టి చూసి, చలికి చటుక్కున తీసేశాడు.

"ఇది ఎవరికి?"

"హార్డీ దొరకి."

"చెట్టుకా? చెట్టుకి ఐసెందుకు?"

"ఏటి సేస్తాం అబాంగ్! ఆ దొరకి మన ఎండ పడలేదు. దొరసానికి ఐసెడితే పనయ్యీదే, గాని ఆవిడ పువ్వే కావాలంటంది."

యూసోఫ్ ఏ ఉత్తర్వులోనూ ఐసును చెట్టుకు పెట్టరాదని లేదు గనక వదిలేశాడు. కానీ ఆ ఐసు చేపల ఐసు. చెట్టు మొదట్లో చలికాలం ఎంత వచ్చిందో తెలియదు గాని పిల్లులకాలం మాత్రం నిండుగా వచ్చింది. తోటలోని పిల్లులన్నీ హార్డీ దొర చుట్టూ దర్బారు తీర్చాయి. వాటి వెనక ఒక ఉడుము కూడా వచ్చి, ఏం జరుగుతోందో అర్థం కాక, రెండు రోజులు ఉండి పోయింది.

ఐసు పెడుతున్నా గుణం కనిపించలేదు. ఎందుకా అని పైడయ్య ఒక సాయంత్రం పొంచి చూశాడు. దాలమ్మ తన పాత కోక తెచ్చి మొక్కకు నిండా చుట్టబెడుతోంది.

"ఒసే, సలి తగలాలని నాను ఐసెడతంటే నువ్వు కప్పుతావేటే?"

"సలేస్తే కప్పరేటి? పాపం, దేశం కాని దేశంలో, అమ్మ నేదు, అయ్య నేడు. ముట్టుకుంటే మంచులాగున్నాడు మావా."

"మంచులాగుండాలనే కదే!"

"నీకు నడుం పట్టినప్పుడు కాపడం ఎట్టినాను కానీ ఐసెట్టినానా?"

 ఎట్టకేలకు పైడయ్య కోక తీయించి, ఐసు రెట్టింపు చేశాక, ఆకులు నిజంగానే రాలాయి. ఇక చూడండి సంబరం. రబ్బరు చెట్లు ఆకు రాల్చడం అందరూ చూసిందే గాని, ఐసు పెట్టి రాల్పించడం ఎవరూ ఎరుగరు. కాంతయ్య గారు "శిశిరం! శిశిరం!" అని ఆఫీసు నుంచి వచ్చి చూసి వెళ్ళారు. "శిశువా? ఎవరికి?" అని అడిగారు కూలీల ఇళ్ళ లైన్లలో ఆడవాళ్ళు.

పుల్లలు నిలబడ్డాయి. పైడయ్య ఐసు ఆపి, పసుపుపచ్చ పువ్వుల కోసం కళ్ళు పచ్చగా చేసుకుని కూర్చున్నాడు. పుల్లల మీద కణుపులు ఉబ్బాయి. ఉబ్బి, పగిలి, మళ్ళీ ఆకులే వేశాయి.

ఆగస్టు వచ్చింది. ఆఫీసు మీద రంగు కాగితాల తోరణాలు కట్టారు. దేశమంతా మెర్డెకా కోసం రోజులు లెక్కపెడుతుంటే, పైడయ్య ఒక్కడే ఆ రోజు రాకపోతే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాడు. బ్రిటిషువాళ్ళు కూడా అంత గట్టిగా కోరుకుని ఉండరు.

అప్పుడు దాలమ్మ అంది: "మావా, దాన్ని బెదిరిద్దాం."

అది వాళ్ళ పాతూరి పద్ధతి. కాయని చెట్టును, పూయని చెట్టును బెదిరిస్తారు. తెల్లారగట్ట చెట్టుకు పాత చెప్పులు, అరిగిన చీపురు కట్టి సిగ్గుపడేలా చేస్తారు. ఒకరు కత్తి ఎత్తి తిట్టి "నరికేస్తాను" అంటారు. ఇంకొకరు ఆ చెయ్యి పట్టుకుని "ఆగండి, నరకొద్దు, ఇది పూస్తుంది, పూచీ నాది" అంటారు. పూచీ పడే మాట వచ్చేదాకా ఎత్తిన కత్తి దించకూడదు. దించితే ఉత్త బెదిరింపని చెట్టుకి తెలిసిపోతుంది. అప్పుడు నిజంగా నరకాల్సిందే.

"మా అమ్మ పనస సెట్టుని ఇలాగే బెదిరించినాది," అంది దాలమ్మ. "ఆ ఏడు కాయల బరువుకి కొమ్మిరిగిపోనాది."

"మాటలు గురుతున్నాయేటి నీకు?"

"మా అమ్మ మాటలు నాకు గురుతుండవేటి? 'వచ్చే ఏడు పూస్తాది, పూసీ నాది' అనాల."

"వచ్చే ఏడు కాదే, నా కొంప మునిగిపోతాది. వచ్చే వారం అను."

సరే, వారం అనే మాటే ఖాయం చేసుకున్నారు.

మర్నాడు తెల్లవారుతుండగా, తోట జనమంతా ఆఫీసు ముందు పొద్దుటి హాజరుకి చేరే వేళ, మొగుడూ పెళ్ళాం బంగళా వెనక్కి వచ్చారు. దొర పని మీద తెలుక్ అన్సన్ వెళ్ళాడు. దొరసాని ఒక్కతే కిటికీ లోపల నిద్ర. దాలమ్మ హార్డీ దొరకి చెప్పుల జత కట్టింది. చీపురు కట్టింది. పైడయ్య పారంగ్ కత్తి పట్టుకుని మొక్క ముందు, అంటే కిటికీ ముందు, నిలబడ్డాడు.

"ఏటయ్యా దొరా, పువ్వు పూయవా?" అన్నాడు మెల్లగా.

"దాన్ని పెళ్ళికి పిలుస్తన్నావేటి? తిట్టు!"

పైడయ్య గొంతు సవరించుకున్నాడు. "ఒరే పుల్లా! నీళ్ళోసినాను. పేడెట్టినాను. నా సైకిలు తుప్పట్టిపోయేదాకా ఐసు మోసినాను. తిన్నావు, తాగినావు, ఆకులేసుకుని కూకున్నావు!"

"ఆఁ, అలాగ!"

"ఇంగ్లండోడివని గీరా? మీవోళ్ళే మూటలు కట్టుకుంటన్నారు. మెర్డెకా వస్తంది, ఇంకా నీకేటిరా దొరతనం? మంచుకి భయపడవంట, ఈ కత్తికీ భయపడవా?" ఇప్పుడు అతనికి నిజంగానే కోపం వచ్చేసింది. రెండు చేతులా పారంగ్ ఎత్తి, కొబ్బరిచెట్లు ఉలిక్కిపడేలా అరిచాడు. "నరికేస్తాను! ముక్కముక్కలుగా నరికేస్తాను!"

అని, అలాగే ఉండిపోయాడు.

దాలమ్మ చెయ్యి పట్టుకోవడానికి ముందుకొచ్చి, అతని మొహం చూసి ఆగిపోయింది. "ఏటైంది మావా? కళ్ళలాగెట్టినావేటి?"

"నడుం."

"నడుమేటి? అది మాటల్లో నేదు కదా!"

"నడుం పట్టీసిందే! కదల్నేకపోతన్నాను!"

"ఓలమ్మో! మావా! అయ్యో, ఓలమ్మో!" దాలమ్మ చెప్పాల్సిన మాట కాస్తా మరిచిపోయి, అతని కాళ్ళు పట్టుకుని గొల్లుమంది.

దొరసాని కర్టెన్ తీసింది.

ఆవిడ కళ్ళతో చూడండి. కిటికీకి మూరెడు దూరంలో తన తోటమాలి రెండు చేతులతో కత్తి ఎత్తి, గుడ్లు మిటకరించి, తన వైపే చూస్తున్నాడు. కదలడు. మెదలడు. అతని కాళ్ళ దగ్గర పెళ్ళాం వద్దన్నట్టు ఏడుస్తోంది. తన ప్రాణప్రదమైన మొక్కకు చెప్పులు వేలాడుతున్నాయి. పైగా ఇంతకుముందు నిద్రలో వినపడ్డ అరుపులో ఒక ముక్క ఆవిడకు బాగా తెలుసు. వంటవాడికి రోజూ క్యాబేజీ ఇచ్చి తనే అరవంలో చెప్పే ముక్క, నరుక్కు.

దొరసాని కర్టెన్ వేసేసి, సైరన్ నొక్కింది.

ఎమర్జెన్సీలో బంగళా సైరన్ అంటే మాటలా? హాజరుకి వచ్చిన తోట జనమంతా గుంపుగా పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు యూసోఫ్ తుపాకీ గురిపెట్టి మలాయ్‌లో అరిచాడు. "చేతులెత్తు!"

"ఎత్తే ఉన్నాయి అబాంగ్!"

యూసోఫ్ చూశాడు. నిజమే, ఎత్తే ఉన్నాయి. "అయితే దించు!"

"దించలేను అబాంగ్!"

"కత్తి పడేయ్!"

"పడేత్తే సెట్టు నరకాల! ఓలమ్మో నడుం!"

తుపాకీ ఎక్కడ గురిపెట్టాలో యూసోఫ్‌కి శిక్షణలో చెప్పినవాళ్ళు ఇలాంటి సందర్భం గురించి చెప్పలేదు. అప్పటికి కాంతయ్య గారు రొప్పుకుంటూ వచ్చి జనాన్ని తోసుకుని ముందుకి చేరారు. చీపురు చూశారు, చెప్పులు చూశారు, కత్తి చూశారు. ఈసారి ఆయన చెవులతో పనిలేకుండా కళ్ళతోనే అర్థం చేసుకున్నారు.

"కాల్చకు బాబూ, కాల్చకు! వాడు బెదిరిస్తోంది మనిషిని కాదు, మానుని!" అని మొదట మలాయ్‌లో యూసోఫ్‌కి మొత్తం పద్ధతి చెప్పారు. పూయని చెట్టు, ఎత్తిన కత్తి, దించనివ్వని మాట.

యూసోఫ్ మొహం విప్పారింది. తుపాకీ దించేశాడు. "ఓ! మా పల్లెలో తాత డురియన్ పండ్ల చెట్టుకి ఇలాగే చేసేవాడు! గొడ్డలి చూపించి 'కాస్తావా, కాయవా' అని అడిగేవాడు. కానీ పక్క చెట్టెక్కి ఒకడు 'కాస్తాను, కాస్తాను, నరకొద్దు' అని చెట్టు తరఫున జవాబు చెప్పాలి." అతను పైకీ పక్కకీ చూశాడు. "మీవాడెక్కడ? జవాబు చెప్పేవాడు?"

"నానే," అంది దాలమ్మ వెక్కుతూ. "మరిసిపోనాను బాబూ. ఒకసారి నోరు తప్పినాక అదే మనిషి మళ్ళీ పూసీ పడకూడదు. ఎవరైనా పడండయ్యా, ఈ మనిషి సచ్చిపోతన్నాడు!"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెట్టు పూయకపోతే పూచీ పడ్డవాడి పరువు పోతుంది. ఈ చెట్టు సంగతి అందరికీ తెలుసు. కాంతయ్య గారు తాను కంపెనీ మనిషినన్నారు. యూసోఫ్ తాను పోలీసునన్నాడు. పైడయ్య కత్తి ఎత్తుకుని, చుట్టూ కళ్ళు తిప్పుతూ, బొమ్మల కొలువులో ఎవరూ పట్టించుకోని విగ్రహంలా నిలబడ్డాడు.

దొరసాని రాత్రి గౌను మీదనే, చెప్పుల్లేని కాళ్ళతో బయటికి వచ్చింది. "కాంతయ్యా, ఏమిటిది? నన్ను చంపుతాడా?"

కాంతయ్య గారు ఇంగ్లీషులో మళ్ళీ మొదలుపెట్టారు. "లేదు మేడమ్. మీ మొక్కని భయపెడుతున్నాడు. భయపడితే మెర్డెకాకి పూస్తుందని."

"భయపెట్టడమా?" దొరసాని మొక్కనూ, దాని మెడలో చెప్పులనూ చూసింది. "అది మంచుకి భయపడదు, ఐసుకి భయపడలేదు, పైడయ్యకి భయపడుతుందా?" అంది. కానీ నవ్వలేదు. పైడయ్య నుదుటి మీంచి చెమట కారి కంట్లో పడుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. "ఎందుకు దించడు?"

"ఎవరైనా చెయ్యి పట్టుకుని, పూస్తుందని పూచీ పడేదాకా దించకూడదు మేడమ్. పైగా నడుము. చెట్టు మీంచి పడ్డ నడుము. వంగలేడు. అందుకే..." కాంతయ్య గారు వలుపు షెడ్డు వైపు చూశారు.

దొరసాని కూడా అటు చూసింది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. చిన్న గొంతుతో ఇంగ్లీషులో అంది. "దానికి ఎంత చలైనా పరవాలేదు. చలి లేకపోవడమే పడదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అయినా మా అమ్మ పువ్వు ఇక్కడ చూడాలనిపించింది. దానికి పైడయ్య ఏం చేస్తాడు?"

తర్వాత ముందుకొచ్చి, పైడయ్య కత్తి ఎత్తిన చేతుల్ని పట్టుకుంది. "ఏం చెప్పాలి?" అని అరవంలో దాలమ్మను అడిగింది.

దాలమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, బళ్ళో పంతులమ్మలా ముక్క ముక్కా చెప్పించింది.

"నరకొద్దు."

"నర్కొద్దు."

"ఇది పూస్తాది."

"ఇది పూస్తాది."

"వచ్చే ఏడు."

"వారం కదే అనుకున్నాం!" అని పైడయ్య పళ్ళ బిగువున గొణిగాడు.

"నోరు ముయ్యి మావా. వచ్చే ఏడు, దొరసాని గారూ. సెప్పండి."

"వచ్చే ఏడు."

"పూసీ నాది."

"పూసీ నాది," అంది దొరసాని, చాలా శ్రద్ధగా.

అప్పుడు యూసోఫ్ ఒక చెయ్యి, కాంతయ్య గారు ఇంకో చెయ్యి పట్టుకుని, రైలు సిగ్నలు దించినట్టు పైడయ్య చేతుల్ని మెల్లగా దించారు. అతను వేసిన కేకకి పిల్లులు పారిపోయాయి. దాలమ్మ అతన్ని మెట్ల మీద బోర్లా పడుకోబెట్టి నడుము పిసకడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు నేనన్నదేమిటి?" అని దొరసాని కాంతయ్య గారిని అడిగింది.

కాంతయ్య గారు గొంతు సవరించుకున్నారు. నాలుగు రోజులు వల్లె వేయకపోయినా వాక్యం తిన్నగానే వచ్చింది. "వచ్చే ఏడు దాకా మీరు హామీ ఉన్నారు మేడమ్. అప్పటిదాకా చెట్టునీ తీయకూడదు, చెట్టు చూసేవాడినీ తీయకూడదు. పద్ధతి."

రెండో ముక్క ఏ పద్ధతిలోనూ లేదు. దాలమ్మ పిసకడం ఆపి ఆయన వైపు చూసి, మళ్ళీ పిసికింది.

"సరే," అంది దొరసాని. "టీకి వచ్చేవాళ్ళకి ఏం చెప్పను?"

"కొత్త దేశం మేడమ్. చెట్టుకి కూడా కాస్త టైమివ్వమనండి."

ఆవిడ నవ్వేసింది. జనానికి ఇంకా ఏమీ అర్థం కాలేదు. వెనక వరసలో వాళ్ళు దొరసాని చచ్చిపోయిందని, మధ్య వరసలో వాళ్ళు పైడయ్య కమ్యూనిస్టుల్లో కలిశాడని, ముందు వరసలో వాళ్ళు చీపురు పోయిందని అనుకుంటున్నారు. కాంతయ్య గారు మెట్లెక్కి, అరవంలో ఒకసారి, తెలుగులో ఒకసారి, మొత్తం కథ మొదటి నుంచి చెప్పారు. ఎవరూ ఎవరినీ చంపడం లేదు, పైడయ్య తిట్టింది చెట్టుని, ఎత్తింది బెదిరించడానికి, దించనిది నడుము పట్టి, దొరసాని సైరన్ కొట్టింది చూసి భయపడి, ఇప్పుడు చెట్టు పూయకపోయినా దానికి పూచీ మాత్రం దొరికింది అని.

"అయితే ఇంతమందిమి పరిగెత్తుకొచ్చింది చెట్టు కోసమా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"చెట్టు కోసమే," అన్నారు కాంతయ్య గారు. "పదండి, హాజరు వెయ్యాలి."